ముద్ద దిగని రోజుల్లో వంట: నోటుబుక్కులోంచి ఈసారి సంగతులు

ముందు ఒంటి సంగతి చెప్పేసి వంటలోకి వెళ్తాను. ముద్ద దిగకపోవడం అలాగే ఉంది, దానికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు. ఎండోస్కోపీలో పుండు లేదు, గడ్డ లేదు, రిపోర్టు నార్మల్. అన్నం మాత్రం మింగిన నాలుగైదు సెకన్లకి ఛాతీ మధ్య ఎముక వెనకాల ఆగిపోతోంది, నీళ్ళు తాగితే ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి ఆ నీళ్ళు కూడా దాని మీదే నిలబడి కాసేపటికి అన్నీ కలిసి పైకొస్తాయి. మా వదినగారైతే "టెన్షన్ తగ్గించుకోండి మరిదిగారూ, అదే సర్దుకుంటుంది" అంటారు. టెన్షన్ ఉంది, కాదనను, కానీ అది ముద్ద దిగక వచ్చిన టెన్షన్. పరీక్షలన్నీ అయ్యి ఏమీ దొరక్కపోతే అప్పుడు దాని దగ్గరికి వద్దాం, అంతేగానీ మొదలే అక్కడ పెట్టడం నాకు నచ్చదు.

ఆదివారం వంట నాకు ఎప్పటినుంచో సరదా కాబట్టి ఏది ఎంత వేశాను, ఎన్ని విజిల్స్ అని రాసుకునే నోటుబుక్కు ముందే ఉంది. దాంట్లో ఇప్పుడు కొత్త గళ్ళు చేర్చాను: ఎక్కడ ఆగింది, మింగిన ఎంతసేపటికి ఆగింది, దిగిందా బయటికొచ్చిందా, వేడిగా తిన్నానా చల్లగానా. నిజానికి ఇవి డాక్టరుగారు అడిగిన ప్రశ్నలే. గట్టి పదార్థమే ఆగుతూ, రానురాను మెత్తటివి కూడా ఆగడం మొదలైతే దారి ఎక్కడో సన్నబడిందేమోనని చూస్తారు. మొదటినుంచీ అన్నమూ నీళ్ళూ రెండూ ఇబ్బంది పెడుతుంటే అన్నవాహిక కండరాల కదలికలో తేడా ఉందేమోనని చూస్తారు. మింగబోతుండగానే పొలమారి దగ్గు రావడం, ముక్కులోంచి రావడం ఉంటే అది గొంతు పైభాగం లెక్క. తినేటప్పుడు హాయిగా దిగిపోతూ, ఊరికే కూర్చున్నప్పుడు గొంతులో ఉండ ఉన్నట్టు అనిపించేది మళ్ళీ వేరే బాపతు. ఇంకో తిరకాసు ఏమిటంటే మెడ దగ్గర ఆగినట్టు అనిపించినంత మాత్రాన అడ్డం అక్కడే ఉందని కాదు, కిందచివర అడ్డం ఉన్నా మెడ దగ్గరే తెలియొచ్చు. మా అమ్మ ఇప్పటికీ "ఎవరో తలుచుకుంటున్నార్రా" అని నా నెత్తిమీద తడుతుంది. నాకు పొలమారడం లేదమ్మా, ఆగుతోంది అంటే, రెండూ ఒకటే కదరా అంటుంది.

సరే, అన్నం. వండిన అన్నాన్ని మిక్సీలో వేస్తే మెత్తగా అయిపోతుందని చాలామంది చెబుతారు, అవుతుంది, కానీ అచ్చం పోస్టరు అంటించే బంకలా తయారవుతుంది, అది అన్నం కంటే ఘోరంగా అతుక్కుని ఆగుతుంది. వండాక కాదు, వండకముందే పని జరగాలి. పాత సోనా మసూరి బియ్యాన్ని మిక్సీలో పల్స్ మీద సన్నరవ్వలా ఆడించి, జల్లెడ పట్టి, అర చెంచా నేతిలో తడి పోయేదాకా వేయించి, ఒక గ్లాసు రవ్వకి పావు గ్లాసు పెసరపప్పు, ఏడు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి ఆవిరి దానంతటదే పోయేదాకా వదిలేస్తున్నాను. మూత తీశాక పప్పుగుత్తితో తిప్పితే జారుగా, నున్నగా వస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి, చల్లారేకొద్దీ బిగుస్తుంది. తినడం మొదలుపెట్టినప్పుడు బాగా దిగినది సగంలో ఆగుతోందంటే కారణం అదే, అందుకని కంచం పక్కన వేడినీళ్ళో చారో ఉండాల్సిందే. కొత్త బియ్యంతో చేస్తే జిగురెక్కువ, దాంతో చేసిన రోజు నోటుబుక్కులో అన్నీ ఎర్రగీతలే.

ఇడ్లీ మెత్తనిది కదా అని ఒంట్లో బాగాలేని ప్రతివాడికీ ఇడ్లీయే పెడతారు. నా విషయంలో పొడి ఇడ్లీ ఆగినంతగా ఇంకేదీ ఆగదు, చట్నీ ఎంత ఉన్నా సరే. అదే ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి వేడి సాంబారులో మునిగేలా పది నిమిషాలు వదిలి, చెంచాతో నలిపి తింటే ఇబ్బంది లేదు. చపాతీ, బ్రెడ్డు పూర్తిగా మానేశాను. పెసరట్టు మధ్యభాగం ఉప్మా లేకుండా దిగుతుంది, కరకరలాడే అంచు దిగదు, ఆ అంచు మా ఆవిడ కంచంలోకి పోతోంది, ఆవిడకేమీ అభ్యంతరం లేదు. సున్నుండ కొరికితే పొడి పొడిగా గొంతుకి అడ్డంపడుతుంది గానీ గోరువెచ్చటి పాలలో చిదిపి కలుపుకుంటే మంచి పాయసం. అందులో మినపపప్పు, నెయ్యి, బెల్లం అన్నీ ఉన్నాయి, బరువు పడిపోతున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి.

చిక్కదనం కొలవడం ఈమధ్య నేర్చుకున్న పని. ఐడీడీఎస్ఐ అని అంతర్జాతీయ కొలమానం ఒకటుంది, నీళ్ళు 0, మామూలు తిండి 7, మధ్యలో మిగతా మెట్లు. ద్రవాలకి పరీక్ష చాలా సులువు. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి (సున్నా నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మి.మీ. ఉన్నది వాడమంటారు, అన్ని కంపెనీల సిరంజిలూ ఒకలా ఉండవు) సూది లేకుండా, లోపలి కడ్డీ తీసేసి, కింద కన్నానికి వేలు అడ్డం పెట్టి 10 దాకా నింపాలి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్ళీ మూసి ఎంత మిగిలిందో చూడాలి. 1 మి.లీ. కంటే తక్కువ మిగిలితే మెట్టు 0, నాలుగు లోపు మిగిలితే 1, ఎనిమిది లోపు అయితే 2, అంతకు మించి మిగిలినా కొంచెమైనా కారితే 3. మా ఇంటి రాగిజావ వేడిగా ఉన్నప్పుడు 3 మి.లీ. మిగిలింది, అదే జావ చల్లారాక 7 మి.లీ. గిన్నె ఒకటే, మెట్టు మారిపోయింది. గట్టివాటికి ఫోర్కు చాలు, దాని పళ్ళ మధ్య సందు సుమారు 4 మి.మీ. ఉంటుంది, 5వ మెట్టు తిండిలో ముక్క ఆ సందు వెడల్పు దాటకూడదు, ఫోర్కుతో నొక్కితే నలగాలి. ఇక్కడ ఒక మాట. నీళ్ళకి పొలమారేవాళ్ళకి చిక్కగా చెయ్యమంటారు, అదీ పరీక్ష చేశాక, ఎంత చిక్కగానో చెప్పి. నాలాగా ఛాతీలో ఆగేవాళ్ళకి పలచగా ఉండటమే మేలు. ఎవరో చిక్కటి జావ తాగుతున్నారని మీరూ మొదలుపెట్టకండి.

జావతోనే ఇంకో వింత. గిన్నెలోంచి చెంచాతో తింటూ ఉంటే అడుగుకి వచ్చేసరికి నీళ్ళలా పలచబడుతోంది. సిరంజిలో చూస్తే నిజంగానే పలచబడింది. చివరికి తేలింది ఏమిటంటే నోట్లో పెట్టిన చెంచాతోపాటు ఉమ్మి గిన్నెలోకి వెళ్తోంది, ఉమ్మిలో ఉండే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. వేరే గిన్నెలోకి కొంచెం కొంచెం వంపుకుని తిన్నప్పుడు మొదటి గిన్నె చివరిదాకా అలాగే ఉంది. నాకిది పలచబడితే మంచిదే గానీ, చిక్కగా ఉండాల్సినవాళ్ళకి తినిపించేవారు మాత్రం ఈ సంగతి చూసుకోవాలి.

గోదావరి ఒడ్డున ఉంటూ పులస మానుకోవడం నా వల్ల కాదు, అందుకని దాని మీదే ఎక్కువ కష్టపడ్డాను. ముల్లు ఒక్కటి పొరపాటున వెళ్ళినా ప్రమాదమే. పులుసు మామూలుగానే కాచి, రాత్రంతా ఉంచి, మర్నాడు ముక్క జోలికి పోకుండా పులుసు మాత్రమే సన్నజల్లెడలో వడగట్టి రవ్వన్నంలో పోసుకున్నాను. రుచంతా పులుసులోనే ఉంటుంది కదా, ముక్క తిన్నట్టే అనిపించింది. పడుకోబోయే ముందు మూడు గంటలలోపు మాత్రం చింతపండు పులుసు పెట్టుకోవడం లేదు, పైకి తన్నుకొస్తోంది.

పరీక్షల దగ్గరికొస్తే, మొదటి ఎండోస్కోపీ చేసినచోట చూసి బాగుందని పంపించేశారు, ముక్క తియ్యలేదు. రెండో డాక్టరుగారు అది చూసి, పైకి మామూలుగా కనిపించినా బయాప్సీ తియ్యాల్సిందే అన్నారు. ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అని అలర్జీ బాపతు జబ్బు ఒకటుంది, అన్నవాహికలో పైనా కిందా కలిపి కనీసం ఆరు ముక్కలు తీసి మైక్రోస్కోపులో చూస్తే తప్ప దొరక్కపోవచ్చట. గ్యాస్ మాత్రలు వాడుతుంటే అది కప్పబడిపోవచ్చు కాబట్టి ఏం వాడుతున్నామో ముందే చెప్పాలి. నాకు అది కాదని తేలింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూశారు, ఐరన్ బాగా తగ్గినవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, గొంతు కింద పల్చటి పొర అడ్డంగా పెరగొచ్చట. అదీ లేదు. బేరియం స్వాలోలో సుద్దనీళ్ళలాంటిది తాగించి నిలబెట్టి 1, 2, 5 నిమిషాలకి ఎక్స్‌రేలు తీశారు. ఐదో నిమిషానికి కూడా కొంచెం మిగిలే ఉంది, అయితే అకలేజియాలో (అన్నవాహిక కిందనున్న కవాటం సరిగ్గా వదులవ్వని జబ్బు) కనిపించే పక్షిముక్కు ఆకారం స్పష్టంగా లేదని రాశారు. అంటే ఏదో ఉంది, ఏమిటో తెలియదు.

ఇక మిగిలింది మానోమెట్రీ. నేను అడిగినచోట దగ్గర్లో లేదన్నారు, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళాలి, తేదీ ఇచ్చారు. ముక్కులోంచి సెన్సర్లున్న సన్నటి గొట్టం పంపి, 5 మి.లీ. చొప్పున నీళ్ళు పదిసార్లు మింగించి ప్రతి గుటకకీ కండరం ఎలా బిగుస్తోందో, కిందనున్న కవాటం వదులవుతోందో లేదో చూస్తారు. మత్తు ఇవ్వరు, ఆరు గంటలు ఏమీ తినకూడదు, బీపీ మాత్రల్లో కొన్ని ఆ కండరం మీద పనిచేస్తాయి కాబట్టి వాటి సంగతి ముందే అడగమన్నారు. నోటుబుక్కులో గళ్ళన్నీ ఒక్క పేజీకి కుదించి పట్టుకెళ్తున్నాను. పోయినసారి అలా ఇస్తే డాక్టరుగారు రెండు నిమిషాలు దాన్నే చదివారు, నేను నోటితో చెప్పినప్పుడు అంతసేపు వినలేదు.

మాత్రల విషయం కూడా రాసేస్తాను. పడుకుని, చుక్క నీళ్ళతో మింగకండి, కూర్చుని గ్లాసు నిండా నీళ్ళు తాగి అరగంట నిటారుగా ఉండాలి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి మధ్యలో ఆగితే అక్కడే పుండు చేస్తాయి. నలిపి వేసుకునే ముందు షాపులో అడగండి, నెమ్మదిగా కరిగేలా చేసినవాటిని నలపకూడదు. ఇంకొకటి, మన ఇళ్ళలో చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దో అరటిపండో మింగించే అలవాటుంది. అన్నవాహికలో తిండి ఆగినప్పుడు దాని మీద ఇంకోటి తోస్తే ఇంకా బిగుస్తుంది. ఉమ్మి కూడా మింగలేక బయటికి కారుతుంటే ఇంట్లో చిట్కాలు చూడొద్దు, రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

బరువు పడిపోవడం ఈమధ్య ఆగింది, సున్నుండ పాలు, నెయ్యి వేసిన రవ్వన్నం, ఆవిరి మీద ఉడికించిన గుడ్డు పాలు (రెండు గుడ్లకి ఒక గ్లాసు పాలు, గిలకొట్టి వడగట్టి, సన్నమంట మీద) ఈ మూడింటి పుణ్యమే. తర్వాత పట్టబోయేది పనసపొట్టు కూర. ఆవ పెట్టిన ఘాటు ఉండాలి, పీచు ఉండకూడదు. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, మిక్సీలో వెయ్యమని మాత్రం అనకండి, వేసి చూశాను, పీచు బ్లేడుకి చుట్టుకుంది.