పుల్లయ్య, వూక్

విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో కొన్న సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలు చదివే రోజుల్లో, వాటిలోని పేర్లన్నీ రష్యన్, సెర్బియన్ వంటి స్లావ్ భాషల సొంత పేర్లేనని నమ్మేదాన్ని. ఇవాన్ హీబ్రూలో పుట్టి గ్రీకు మీదుగా వచ్చిన పేరనీ, నటాషాకు ఆధారమైన నతాలియా లాటిన్ పదం నుంచి ఏర్పడిందనీ ఆలస్యంగా తెలుసుకున్నాను. 988లో కీవ్ పాలకుడు వ్లాదిమిర్ క్రైస్తవం స్వీకరించి వసీలీ అనే బాప్తిస్మ నామం పొందిన తరువాత, ఇలాంటి చర్చి పేర్లు క్రమంగా పాతవాటి చోటును ఆక్రమించాయి.

ఆ పాత పేర్లలో చాలావరకు రెండు పదాల సమాసాలు. స్తనిస్లావ్, మిరోస్లావ్ వంటి పేర్ల చివర వినిపించే 'స్లావ' అంటే కీర్తి. సంస్కృతంలో అదే అర్థమున్న 'శ్రవస్' దానికి తోబుట్టువు. వ్లాదిమిర్‌లో మొదటి భాగం ఏలుబడిని సూచిస్తుంది. రెండో భాగానికి మొదట గొప్పతనమనే అర్థం ఉండగా, తరువాతివారు దానిని శాంతి, లోకం అనే అర్థాలున్న 'మిర్'గా గ్రహించారు. దేవుడిచ్చినవాడనే అర్థమున్న బోగ్దాన్ అచ్చంగా మన దేవదత్తుడే.

అయితే నన్ను కదిలించినవి ఈ ఘనమైన పేర్లు కావు, బిడ్డ దక్కాలని భయంతో పెట్టినవి. రష్యాలో నెక్రాస్ అనే పాత పేరుకు అందం లేనివాడని అర్థం. దిష్టి తగలకూడదనే అలా పిలిచేవారు. సెర్బియన్ భాషా సంస్కర్త వూక్ కరాజిచ్ 1787లో పుట్టేనాటికి ఆ తల్లిదండ్రులు అంతకుముందు కన్న బిడ్డలను పోగొట్టుకొని ఉన్నారు. మంత్రగత్తెలు తోడేలు జోలికి రారన్న నమ్మకంతో, తోడేలు అనే అర్థం వచ్చే వూక్ అని ఆయనకు పేరు పెట్టారు.

గుంటూరు దగ్గరి మా పల్లెలో, వరుసగా ముగ్గురు పిల్లలు పోయాక పుట్టిన మా తాతగారిని భోజనాలైన పుల్లాకుల మీద పొర్లించి పుల్లయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్లలో దొరికిన బిడ్డను మృత్యువు ఆశించదని మా ముత్తవ్వ నమ్మిక. పెంటయ్య అనే పేరు వెనుక ఉన్నదీ ఈ దిగులే. మాటలో మోటుదనం చూసి ఈ పేర్లను చిన్నచూపు చూసేవారిని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే కీర్తిని కోరిన పేర్లకన్నా వీటిలోనే ప్రేమ ఎక్కువని నేను అనుకుంటాను.

వూక్ 76 ఏళ్లు జీవించాడు. మా తాతగారు 84 ఏళ్లు ఉన్నారు.