లంకలో హనుమ దిగులుపడ్డ రాత్రి

ఉత్సాహం అనగానే సముద్రం మీదికి ఎగిరిన హనుమంతుడే మన కళ్లముందుకు వస్తాడు. నాకైతే సుందరకాండలో 12, 13 సర్గలు (అధ్యాయాలు) గుర్తొస్తాయి. పారాయణలో చాలామంది గబగబా చదివేసి అశోకవనానికి వెళ్లిపోయే సర్గలు అవి.

అంతకుముందు 10వ సర్గలో మండోదరిని చూసి సీతమ్మే అనుకుంటాడు హనుమ. తోక ముద్దుపెట్టుకుంటాడు, పాడతాడు, స్తంభాలెక్కి కిందికి దూకుతాడు. వాల్మీకి ఎంత ముచ్చటగా రాశాడో! కాసేపటికే ఆమె సీత కాదని తేలిపోతుంది. ఎంత వెతికినా జానకి కనిపించదు. ఇంత సముద్రం దాటి వచ్చిందీ వృథాయేనా అన్న దిగులు పట్టుకుంటుంది. అప్పుడు తనకు తానే చెప్పుకుంటాడు:

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః

నిర్వేదం అంటే ఇక నావల్ల కాదని కూలబడిపోవడం. అలా కూలబడకపోవడమే సంపదకు మూలం, పరమసుఖం, అన్ని పనుల్లోనూ మనిషిని ముందుకు నడిపించేది అంటున్నాడు. పంపా తీరంలో ఏడుస్తున్న రాముడికి లక్ష్మణుడు చెప్పిందీ ఇలాంటిదే: ‘నాస్త్యుత్సాహాత్ పరం బలమ్’, ఉత్సాహాన్ని మించిన బలం లేదని.

శ్లోకం చెప్పుకోగానే సీత కనిపించిందా అంటే, లేదు. మళ్లీ వెతికాడు. రావణుడి అంతఃపురంలో నాలుగు వేళ్ల చోటు కూడా వదల్లేదట. అయినా లేదు. 13వ సర్గలో దిగులు ముందుకంటే ఎక్కువవుతుంది. ఉత్త చేతులతో వెళ్తే రాముడు బతకడు, లక్ష్మణుడు బతకడు, సుగ్రీవుడు బతకడు అని ఒక్కొక్కరి చావూ ఊహించుకుంటాడు. తానూ ప్రాణాలు వదలాలనుకుంటాడు. చివరికి ‘జీవన్ భద్రాణి పశ్యతి’, బతికుంటేనే శుభాలు చూస్తామని నిలదొక్కుకుంటాడు. అప్పుడు గాని ఇంకా వెతకని అశోకవనం కంటబడదు.

వెంటనే చేసిన నమస్కారం ఇది:

నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ
దేవ్యై చ తస్యై జనకాత్మజాయై
నమోఽస్తు రుద్రేంద్రయమానిలేభ్యో
నమోఽస్తు చంద్రార్కమరుద్గణేభ్యః

సముద్రం దాటేముందు కూడా సూర్యుడికి, ఇంద్రుడికి, తండ్రి వాయువుకు, బ్రహ్మకు, భూతాలకు మొక్కాడు. ఇక్కడ మాత్రం దేవతలందరికన్నా ముందు రామలక్ష్మణులున్నారు. వాళ్ల పక్కనే, ఇంత వెతికినా ఇంకా కనిపించని సీతమ్మ ఉంది.

ఆమె కనిపించేది 15వ సర్గలో.