ఆఖరి అరగంట

బుధవారం.

ఈరోజు నాన్నకి డయాలసిస్ పూర్తిగా నాలుగు గంటలూ జరిగింది. నెల రోజుల్లో ఇదే మొదటిసారి.

మూడున్నర గంటలు కాగానే "చాలమ్మా, తీసేయమను" అంటారు నాన్న. పిక్కలు పట్టేస్తాయి, చేయి కదపకూడదు, విసుగు. బయట రెండో షిఫ్ట్ పేషెంట్లు వచ్చి కూర్చుని ఉంటారు కాబట్టి సెంటర్లో కూడా ఎవరూ కాదనరు. ఆయన బాధ చూడలేక నేనూ ఊరుకున్నాను. పోయిన వారం రిపోర్ట్ చూశాక కాళ్లు చల్లబడ్డాయి. రక్తంలో పేరుకునే వ్యర్థం యూరియా డయాలసిస్‌కి ముందు 142, తర్వాత 58. అంటే తగ్గింది 59 శాతమే. కనీసం 65 అయినా తగ్గాలి.

ఇవాళ రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారిని వదల్లేదు. "యూరియా సంగతి సరే, ఈ దురద ఎందుకు తగ్గట్లేదు సార్?" అని అడిగాను. రాత్రిళ్లు నాన్న వీపు గోక్కునే చప్పుడుకి నాకు మెలకువ వచ్చేస్తోంది.

ఆయన మంచం పక్కనే నిలబడి ఓపిగ్గా చెప్పారు. యూరియా చాలా చిన్నది, ఫిల్టర్‌లోంచి ఇట్టే జారిపోతుంది. ఫాస్ఫరస్ అలా కాదు. చాలావరకు ఎముకల్లో, కణాల్లో దాక్కుని ఉంటుంది. రక్తంలో ఉన్నది తీసేశాక లోపలిది మెల్లగా ఊరాలి, చెలమలో నీళ్లు ఊరినట్టు. దానికి టైమ్ ఇవ్వడం తప్ప దారి లేదు. బీటా-2 మైక్రోగ్లోబులిన్ అనే ప్రొటీన్ లాంటివి యూరియాకి దాదాపు 200 రెట్లు పెద్దవి, వాటికి పెద్ద రంధ్రాలుండే హై ఫ్లక్స్ ఫిల్టరే కావాలి. ఇండాక్సిల్ సల్ఫేట్ అని ఇంకో విషం ఉంది. పేగుల్లోని బ్యాక్టీరియా దగ్గర మొదలై, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని కరుచుకుని ఉంటుంది. అల్బుమిన్ పోకూడదు కాబట్టి ఫిల్టర్ ఆపేస్తుంది, దాంతోపాటు ఆ విషం కూడా చాలావరకు ఒంట్లోనే మిగిలిపోతుంది. మలబద్ధకం రానివ్వొద్దని ఇన్నాళ్లూ ఎందుకు చెబుతున్నారో నాకు ఇప్పుడు అర్థమైంది.

"దురదకి చాలా కారణాలుంటాయమ్మా. ముందు డయాలసిస్ సరిగ్గా జరగనివ్వండి. మంచి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. మేమిచ్చేది మూడుసార్లూ కలిపి 12. అందులోనూ గంటన్నర కోసేస్తే ఎలా?" అన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు.

ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) బాగా పనిచేస్తోందని చూసి, వచ్చేసారి నుంచి 17 గేజ్ బదులు కాస్త లావుండే 16 గేజ్ సూది వాడమని, రక్తం లాగే పంపు వేగం నిమిషానికి 220 మి.లీ. నుంచి మెల్లగా 280కి పెంచమని టెక్నీషియన్ అబ్బాయికి చెప్పారు. నేను కూడా నాన్న మోచేతి కింద వేళ్లు ఆనించి చూశాను. చర్మం కింద తుమ్మెద రొదలా జుయ్యిమంటోంది. ఆపరేషన్ అయ్యాక ఆ చప్పుడు కోసం మేం ఎన్ని రోజులు ఎదురుచూశామో.

పిక్కలు పట్టేయడానికి కారణం కూడా ఈరోజే తెలిసింది. సోమవారం నుంచి ఈరోజుకి మూడున్నర కిలోల నీరు చేరింది. అంత నీటినీ నాలుగు గంటల్లో లాగేస్తే కండరాలు తట్టుకోలేవు. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, దాహం తగ్గితే లాగాల్సిన నీరూ తగ్గుతుంది.

మూడున్నర గంటలకి నాన్న గడియారం వైపు చూశారు. నేను పిక్కలు నొక్కుతూ కూర్చున్నాను. కళ్లు మూసుకున్నారు కానీ, తీసేయమని అనలేదు.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఆవకాయ జాడీ దించలేదు. నాన్న అడగలేదు.