చెరువు గట్టు మీద మోటారుకి లగ్గు వేయాల్సిందే

మా భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల దగ్గర స్టార్టర్ బాక్సు మూత తీస్తే ఎక్కువ చోట్ల కనిపించేది ఒకటే. వైరు తోలు తీసి, పోగులు మెలిపెట్టి, స్క్రూ చుట్టూ తిప్పి బిగించేస్తారు. లగ్గు (వైరు చివర తొడిగి నొక్కే లోహపు కొస) వేసినా కటింగ్ ప్లేయర్‌తో ఓ నొక్కు నొక్కి వదిలేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చదండి. లక్షల పంట ఆ ఒక్క బిగింపు మీద ఉంటుంది. తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకే అది వదిలిందంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, లేదా ఒక ఫేజు పోయి మోటారు మిగతా రెండింటి మీద మూలుగుతూ కాలిపోతుంది.

లెక్క చూడండి. పది హెచ్‌పీ మోటారు ఫుల్ లోడులో సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. లూజు టెర్మినల్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం చేరినా చాలు, అక్కడ 22 వాట్ల పైనే వేడి పుడుతుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆన్ చేసి బాక్సులో పెట్టి మూత వేసినట్టే. ఆ వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది.

లగ్గుని ఇలా నొక్కి బిగించడాన్నే క్రింపింగ్ అంటారు. దాని గొప్పతనం ఏమిటంటే, వైరు సైజుకి తగిన లగ్గుని సరైన టూల్‌తో నొక్కితే పోగుల మధ్య సందులు మూసుకుపోయి గాలి, తేమ లోపలికి పోలేవు. మా ఉప్పు గాలికి అంతకంటే కావాల్సింది లేదు. రాచెట్ ఉన్న టూలే కొనండి, పూర్తిగా నొక్కేదాకా అది వదలదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న లగ్గుల్లో ఎరుపు 1.5 వరకు, నీలం 2.5, పసుపు 4 నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైర్లకి. వైరు పట్టడం లేదని నాలుగు పోగులు కత్తిరించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, పెద్ద లగ్గు తెచ్చుకోవచ్చు కదా! నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడండి, ఊడితే తీసి పారేసి కొత్తది వేయండి. టెర్మినల్‌కి లగ్గు నేరుగా ఆనాలి, వాషర్లు దాని పైనే.

సోల్డర్ పోస్తే ఇంకా గట్టి అని చాలామంది నమ్మకం. స్క్రూ కింద పెట్టే వైరుకి మాత్రం అది పనికిరాదు. సీసం, తగరం కలిసిన సోల్డర్ మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జరిగిపోతుంది, బిగింపు వదులవుతుంది. పైగా సోల్డర్ పోగుల్లోకి పాకి వైరు పుల్లలా బిగుసుకుంటుంది, మోటారు అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం అయితే ఇంకో జాగ్రత్త. దాన్ని రాగి లగ్గులో దూర్చకండి. తేమలో ఆ రెండూ కలిసిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. బైమెటాలిక్ లగ్గు (వైరు వైపు అల్యూమినియం, స్క్రూ వైపు రాగి ఉండేది) అడగండి. వేసేముందు వైరుని గీకి శుభ్రం చేసి జాయింట్ పేస్టు రాయండి.

మీ బాక్సులో టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే చెరువులో రొయ్య పిల్లని వదిలేలోపే మార్చేయండి. చెయ్యి పెట్టే ముందు మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, మూడు ఫేజులూ టెస్టర్‌తో చూసుకోండి, గట్టు తడిగా ఉంటుంది.