సైకిల్ హ్యాండిల్‌కి చేతికుట్టు సంచి: నా అనుభవం

ఫోను, తాళాలు, పంక్చర్ సామాను పట్టే, రోలులా పొడుగ్గా గుండ్రంగా ఉండే సంచి ఒకటి హ్యాండిల్‌కి కట్టుకోవాలని, దాని మీద చేత్తో ఎంబ్రాయిడరీ చేయాలని మొదలుపెట్టాను. అనుకున్నట్టు కుదిరింది రెండో సంచికే. మొదటిదాని మీద ఆకులన్నీ శాటిన్ కుట్టుతో నింపాను. ఒక్కో దారం 12 మి.మీ. దాకా బట్ట మీద తేలి ఉండేది. బ్రేకు కేబుల్ రాసుకుని నెల తిరక్కుండానే ఆకులు నూగు పట్టాయి, రెండుచోట్ల దారం తెగింది. గోడకి తగిలించే బొమ్మ మీద ఆ కుట్టు చక్కగా ఉంటుంది. రోజూ ఊగుతూ రాసుకునే వస్తువు మీద మాత్రం 5 మి.మీ. మించి దారం పైకి తేలకూడదు.

అందుకే రెండోసారి బట్ట ముట్టుకోకముందే సైకిలు దగ్గర కూర్చున్నాను. పాత న్యూస్‌పేపర్లు చుట్టి 14 సెం.మీ. వ్యాసం, 24 సెం.మీ. పొడవు ఉన్న రోలు తయారుచేసి, హ్యాండిల్‌కి ముందువైపు తాడుతో కట్టాను. హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పుతూ కేబుల్ ఎక్కడ తగులుతోందో చాక్‌తో గుర్తుపెట్టాను. నా సైకిలుకి ముందు భాగంలో పైన రెండు మూలలా తగిలింది. మధ్యలో 13 సెం.మీ. వెడల్పు ఖాళీ దొరికింది. బొమ్మ అంతా ఆ ఖాళీలోనే. ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది, దీన్ని మాత్రం ఎవరూ వదిలేయొద్దు. మన ఊళ్లలో ఇంకా కనిపించే రాడ్ బ్రేకు సైకిళ్లకైతే మరో జాగ్రత్త ఉంది. హ్యాండిల్ కిందే బ్రేకు రాడ్ ఉంటుంది కాబట్టి పట్టీని హ్యాండిల్‌కీ రాడ్‌కీ మధ్య సందులోంచి తీయాలి. రెండింటినీ కలిపి చుట్టేస్తే బ్రేకు బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఒడిశాలోని మా రాయగడ బజారులో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. అయినా కాన్వాస్ అని అడిగితే ఒక్కోచోట లారీ మీద కప్పే టార్పాలిన్ చూపిస్తారు. దాని పూతకి సూది అంటుకుంటుంది, చేతికుట్టుకి పనికిరాదు. పూత లేని నూలు కాన్వాస్, స్కూలు సంచులకి వాడే మందం చాలు. కొన్నాక వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి. నా ముక్క 50 సెం.మీ. పొడవుకి దాదాపు 2 సెం.మీ. దగ్గరపడింది. కుట్టాక ఇలా దగ్గరపడితే ఎంబ్రాయిడరీ చుట్టూ బట్ట ఉబ్బుతుంది.

కొలతల్లో జిప్పు దగ్గరే పొరపాటు జరుగుతుంది. 14 సెం.మీ. వ్యాసం ఉన్న గుండ్రానికి చుట్టుకొలత 44 సెం.మీ. అందులో 5 నంబరు జిప్పు తన పళ్లు, వాటి పక్కన పైకి కనిపించే పట్టీ కలిపి 1.2 సెం.మీ. తీసుకుంటుంది. మిగిలిన 42.8కి రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు మడత కలిపితే 44.8. అడ్డం 24కి కుట్టు వదులు కలిపి 26. రెండు చివర్ల గుండ్రాలు 16 సెం.మీ. వ్యాసంతో కత్తిరించాలి. జిప్పుని లెక్కలోంచి వదిలేస్తే సంచి ఒళ్లు, అంటే చుట్టూ తిరిగే పెద్ద ముక్క, గుండ్రం కన్నా పెద్దదై అంచంతా ముడతలు పడుతుంది.

కానీ 44.8 × 26 ముక్కని ముందే కత్తిరించొద్దు. 55 × 40 ముక్క మీద ఆ గీతలు చాక్‌తో గీసుకుని, లోపల ఎంబ్రాయిడరీ పూర్తిచేసి, తిరగేసి తువ్వాలు మీద ఇస్త్రీ చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు కత్తిరించాలి. కుట్టు బట్టని రెండు మూడు మి.మీ. లోపలికి లాగుతుంది. పైగా చిన్న ముక్క, బట్టని బిగించి పట్టే ఎంబ్రాయిడరీ రింగులో నిలవదు. జిప్పు పళ్ల మధ్య నుంచి కిందికి 11 సెం.మీ. దగ్గర, అంటే చుట్టుకొలతలో పావు వంతు దగ్గర, సంచి ముందు భాగం మధ్య వస్తుంది. బొమ్మకి అదే నడుము గీత.

నేను కుట్టింది నాగావళి అలల్లాంటి మూడు వంపు గీతలు, వాటి మధ్య నువ్వు గింజలంత పొట్టి కుట్లు. చాటికోన బుధవారం సంతకి వచ్చే డోంగ్రియా కొంధ్ గిరిజన ఆడవాళ్ల కప్డాగండా శాలువా మీది ఎరుపు, పసుపు, ఆకుపచ్చ త్రిభుజాలు చూసినప్పుడల్లా చెయ్యి ఊరుకోదు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. ఆ నమూనా వాళ్లది. రంగుల పొందిక చూసి నేర్చుకుంటాను, బొమ్మని మాత్రం ఎత్తి నా సంచి మీద వేయను.

ఎంబ్రాయిడరీ దారం లచ్ఛీ 8 మీటర్లు, అందులో 6 పోగులు ఉంటాయి. గీతలకి 3 పోగులు, గింజలకి 2 తీసుకున్నాను. వేలి కొస నుంచి మోచేతి దాకా, అంటే సుమారు 45 సెం.మీ. మించి దారం తీస్తే, కాన్వాస్‌లోంచి పదేపదే దూరి చివరికి పలచబడుతుంది. చేతిసూది 5 నంబరు. చేతిసూదికి నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, మిషను సూదికి నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. ఈ తేడా తెలియక షాపులో తప్పు సూది కొనేస్తారు.

గీతలకి కాడ కుట్టు వేశాను. ఒక్కో కుట్టు 4 మి.మీ. సూదిని ముందు కుట్టు సగం దగ్గరికి వెనక్కి తెచ్చి పైకి తీయాలి, దారం ఎప్పుడూ గీతకి ఒకే పక్కన ఉండాలి. వంపు మలుపులో కుట్టుని 2.5 మి.మీ.కి తగ్గించకపోతే గీత మెట్లుమెట్లుగా వస్తుంది. కాన్వాస్ గట్టిది కాబట్టి సూదిని పొడిచి కింద నుంచి లాగడమే మేలు, వేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు) తప్పదు. రింగు లోపలి చట్రానికి నూలు పీలిక చుడితే బట్ట జారదు. రాత్రి రింగు విప్పేయాలి, లేదంటే పడిన గుండ్రటి మచ్చ ఇస్త్రీకి కూడా పోదు. వెనక ముడి వేయకుండా దారం కొసని నాలుగైదు కుట్ల కిందికి దూర్చాలి. ముడి ఉంటే అస్తరు (లోపలి బట్ట) కింద బుడిపెలా తగులుతుంది.

ఎరుపు దారాన్ని ముందే పరీక్షించాలి. తడి తెల్లగుడ్డలో పెట్టి అదిమితే రంగు దిగుతోందో లేదో తెలిసిపోతుంది. దిగితే, ఇక దిగనంత వరకు చన్నీళ్లలో జాడించాలి. ఉప్పు, వెనిగర్ వేస్తే నూలు దారం రంగు నిలుస్తుందన్న మాట నమ్మొద్దు.

మిషను పనిలో వరస ముఖ్యం. ముందు పట్టీలు: 25 మి.మీ. నైలాన్ నివారు, కొసలు కొవ్వొత్తి మంటకి చూపిస్తే పోగులు రావు. వెనక మధ్యలో, 12 సెం.మీ. ఎడంగా రెండు. వాటి కింద లోపలివైపు అదనపు కాన్వాస్ ముక్క పెట్టి, 2 సెం.మీ. చదరంగా, లోపల ఇంటూ గుర్తుతో కుట్టాలి. వెల్‌క్రో (పట్టీ కొసల్ని ఒకదానికొకటి అంటించేది) జిగురు లేనిది కొనాలి. జిగురుది కుడితే సూది జిడ్డు పట్టి కుట్లు వదిలేస్తుంది. పాలిస్టర్ దారం, 16 నంబరు సూది, కుట్టు 3 మి.మీ. నివారు మందం దగ్గర చేత్తో చక్రం తిప్పాలి.

తర్వాత అస్తరు. పాత రెయిన్‌కోటు వీపు భాగం సరిపోయింది. దానికి గుండుసూదులు గుచ్చితే ఆ రంధ్రాలు పూడవు, బట్టల క్లిప్పులే వాడాలి. అస్తరుని ఒంటికి కచ్చాగా కలిపి, రెండూ ఒకే బట్ట అనుకుని జిప్పు కుట్టాను. గుండ్రాలు అతికే ముందు ఒంటి అంచుకి సెంటీమీటరుకొకటి చొప్పున 7 మి.మీ. లోతు గాట్లు పెట్టాలి, అప్పుడే అంచు వంపు తిరుగుతుంది. రెండో గుండ్రం అతికే ముందు జిప్పు సగం తెరిచి ఉంచండి. మూసేస్తే సంచిని తిరగేయడానికి దారి ఉండదు, విప్పాల్సిందే. లోపలి అంచులకి పైపింగ్ పట్టీ.

ఒక సన్న పట్టీని సంచి కింది నుంచి సైకిల్ మెడ గొట్టానికి కట్టాక ఊగడం ఆగింది. జల్లుకి ఫోను తడవలేదు. అరగంట వానకి జిప్పులోంచి, కుట్లలోంచి నీరు దిగింది. ఆషాఢ, శ్రావణాల్లో ఫోనుని ప్లాస్టిక్ కవరులో పెట్టి మరీ సంచిలో వేస్తాను.

మిగిలిన కాన్వాస్‌తో ప్యాంటు చైనులో పడకుండా కుడికాలికి 38 × 4 సెం.మీ. పట్టీ కుట్టాను. మొదట మెరిసే నియాన్ దారం వాడితే రాత్రి కనిపిస్తుందనుకున్నాను. ఆ మెరుపు పగటి వెలుగులోనే. లారీ లైటు పడినప్పుడు వెనక్కి వెలుగు కొట్టేది రిఫ్లెక్టర్ టేపు ఒక్కటే. అందుకే ఎంబ్రాయిడరీ సన్నగా మధ్యలో, టేపు రెండు పక్కలా వేశాను. టేపుకి అంచుల్లోనే కుట్టు వేయాలి, దాని మీద ఇస్త్రీ పెట్టకూడదు. ఉతికేటప్పుడు వెల్‌క్రో మూసి ఉంచాలి. తెరిచి ఉంటే దాని గరుకు ముఖం ఎంబ్రాయిడరీ పోగుల్ని పీకేస్తుంది.