రొయ్యల చెరువు గట్టు మీద మూడు టార్చిలు

ఆకివీడు దగ్గర మాకు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. కాపలాకు మనిషి ఉన్నాడు. అయినా రాత్రి రెండింటికి లేచి గట్టు చుట్టూ ఒకసారి తిరిగి రాకపోతే నాకు నిద్ర పట్టదు. తిరగాలంటే వెలుగు కావాలి. గట్టు గడ్డిలో రక్తపింజర చుట్ట చుట్టుకుని పడుకుంటే ఎండుటాకుల కుప్పకూ దానికీ తేడా తెలియదు. కాబట్టి టార్చి కొనడం నాకు సరదా వ్యవహారం కాదు. ఇది తెలిసి కూడా మూడేళ్ళు తప్పుడు టార్చిలే కొన్నాను.

మొదటిది సంతలో కొన్నది. వెల 350 రూపాయలు. పెట్టె మీద లక్ష ల్యూమెన్లని ఉంది (ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత). తల ముందుకు లాగితే వెలుగు సన్నబడి దూరం పోతుంది, వెనక్కి నెడితే పరుచుకుంటుంది. అవతలి గట్టు మీది కొబ్బరిచెట్టు మొవ్వు కూడా కనబడుతుంటే వారం రోజులు పిల్లాడిలా ఆడుకున్నాను.

తరువాత ఒక అమావాస్య వచ్చింది. రొయ్యలు పెంచేవారికి అమావాస్య, పౌర్ణమి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రొయ్య పొట్టు వదిలే రోజులవి. వదిలినప్పుడు మెత్తగా, నీరసంగా ఉంటుంది, ప్రాణవాయువు ఎక్కువ కావాలి. తెల్లవారుజామున నీటిలో అది ఎలాగూ అడుగంటుతుంది. అదే రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. నీటిలో గాలి కలిపే నాలుగు ఏరేటర్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం అలారం కంటే గట్టిగా వినబడుతుంది. కాపలా మనిషి జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. రొయ్యలు పైకి వస్తున్నాయేమో చూద్దామని నేను చెక్ ట్రే, అంటే రొయ్యల తీరు చూడడానికి నీళ్ళలో దించి ఉంచే పళ్ళెం, తాడు లాగాను. తడి చేతిలోంచి టార్చి జారి నీళ్ళలో పడింది. అడుగున పచ్చటి చుక్కలా పది క్షణాలు వెలిగి ఆరిపోయింది. ఫోను నోట కరుచుకుని, ఆ వెలుగులో జనరేటర్ హ్యాండిల్ తిప్పాల్సి వచ్చింది. ఏరేటర్లు మళ్ళీ తిరిగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి రొయ్య దక్కింది, అది అదృష్టం.

తెల్లారాక వల వేసి టార్చిని బయటికి తీసి విప్పాను. నీటిని ఆపాల్సిన రబ్బరు రింగు మూత దగ్గర లేదు. ముందుకూ వెనక్కూ జరిగే తల లోపలా లేదు. కదిలే చోట సందు ఉంటుంది, సందున్న చోట నీళ్ళు దూరతాయి. కొనేటప్పుడు ఈ చిన్న సంగతి తట్టలేదు. లోపలి సెల్లు మీద సామర్థ్యం 9900 మిల్లీ యాంపియర్ అవర్లని అచ్చువేసి ఉంది. అది 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న తయారీదారుల సెల్లు ఈ కొలతలో సాధారణంగా 3500 దాటదని తరువాత తెలిసింది. రొయ్య సగటు బరువు చూసే చిన్న కాటా ఇంట్లో ఉంటే దాని మీద పెట్టాను. 31 గ్రాములు తూగింది. మన రొయ్యల భాషలో 32 కౌంటు, అంటే కిలోకు 32. నికార్సయిన సెల్లయితే 45 గ్రాములు ఉండాలి, అంటే 22 కౌంటు. సీడులో, అంటే రొయ్య పిల్లల్లో, మోసాన్ని చూసి చూసి పండిపోయిన నేను సెల్లులో మోసపోయాను.

రెండోసారి జాగ్రత్తపడ్డాననుకున్నాను. కాస్త ఎక్కువ పెట్టి, నీళ్ళలో పడినా ఏమీ కాదన్న మాటతో, ఫోనులాగా తీగ గుచ్చి ఛార్జింగ్ చేసుకునే టార్చి తీసుకున్నాను. వెలుగు బాగుంది, చేతిలో ఇమిడింది. మొదటి రాత్రే ఒక అనుమానం వచ్చింది. గట్టి వెలుగు పెట్టి నడవడం మొదలుపెట్టాక మూలమలుపు దాటేలోగా మందగించింది. దుకాణంలో అడిగితే, ‘దాని పద్ధతే అంతండీ’ అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. అరచేతిలో పట్టే గొట్టానికి 1200 ల్యూమెన్లు వెలిగించినప్పుడు పుట్టే వేడిని బయటికి పంపే శక్తి ఉండదు. అందుకే ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే తగ్గించుకుంటుంది. కోపం తెప్పించేది పెట్టె మీది లెక్క. ఈ టార్చిల కొలతలకు ఎఫ్.ఎల్.1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ‘ఇన్ని గంటలు వెలుగుతుంది’ అంటే, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. నిమిషంన్నర 1200 ఇచ్చి, మిగతా సమయమంతా అందులో పదో వంతుకు కాస్త పైన మినుకుమంటూ ఆరు గంటలు లాగినా కాగితం మీద అది ఆరు గంటల టార్చే. దూరం లెక్కా అలాంటిదే. వెలుగు పౌర్ణమి వెన్నెలంతకు, అంటే 0.25 లక్స్‌కు, తగ్గే చోటిదాకా కొలిచి ‘ఇన్ని మీటర్లు’ అంటారు. వెన్నెల వెలుగులో పాము కనబడితే ఇక టార్చి ఎందుకు?

ఆ రెండో టార్చి ప్రాణం తీసింది మాత్రం ఛార్జింగ్ రంధ్రం. దాని మీద రబ్బరు మూత ఉంది. రోజూ తెరిచి మూస్తుంటే వదులైంది. మా చెరువు నీళ్ళు సముద్రమంత ఉప్పు కాకపోయినా ఆ కాస్త ఉప్పు చాలు. పంట ముగిసేసరికి రంధ్రం లోపల చిలుం పట్టి పచ్చబడింది. బ్యాటరీ లోపలే బిగించినది కాబట్టి తీసి విడిగా ఛార్జ్ చేసే దారి లేదు. బంగారంలాంటి వెలుగున్న టార్చి, రంధ్రం పాడై మూలన పడింది.

మా అక్క కొడుకు విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పని చేస్తాడు. ఓడ అడుగు ట్యాంకుల్లో చీకట్లోకి దిగి చూడడం వాడి ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు నా గోడంతా విని, ‘మామయ్యా, అవతలి గట్టు మీద ఏముందని అంత దూరం వేస్తారు?’ అన్నాడు. జవాబు తోచలేదు. ఏమీ లేదు, కొబ్బరిచెట్టు ఉంది.

ఆ రాత్రి వాడిని వెంటబెట్టుకుని గట్టు తిరిగాను. నేను ఏమేం చూస్తానో వాడు గమనించాడు. అడుగు వేసే చోటు నాలుగు గజాలు. చెక్ ట్రే చేతి దూరం. నీటి అంచు పది అడుగులు. ఏరేటర్లు తిరుగుతున్నాయా, కేబుల్ తెగి నీళ్ళలో వేలాడుతోందా అన్నది ముప్పై మీటర్లు. అంతకు మించి నాకు పనే లేదు. కావలసింది సూదిలా దూరం దూసుకుపోయే వెలుగు కాదు, చాపలా పరుచుకుని తెల్లవారేదాకా ఒకే తీరుగా ఉండే వెలుగు. చలికాలంలో కొల్లేరు వైపు నుంచి మంచు కమ్మినప్పుడైతే సూది వెలుగు తెల్లటి గోడలా ఎదురు తిరుగుతుంది. మా నాన్న వాడిన మూడు సెల్లుల ఇత్తడి టార్చి పసుపు వెలుగులో మంచు ఇంత బాధ పెట్టేది కాదని అప్పుడు గుర్తొచ్చింది. (ఆ టార్చి ఇప్పటికీ అటక మీద ఉంది. సెల్లులు లోపలే కారి గొట్టానికి అతుక్కుపోయాయి.)

వెలుగు రంగు సంగతి కూడా మేనల్లుడే ఎత్తాడు. నాకు మాత్రం అన్నిటికంటే అదే పనికొచ్చింది. ట్రే ఎత్తి రొయ్యను చూసినప్పుడు మొదట చూసేది వీపు పొడవునా ఉండే పేగు గీత. మేత తిన్న రొయ్యకు అది గోధుమ రంగులో నిండుగా ఉంటుంది. తెల్లగానో ఖాళీగానో ఉంటే గుండె జారుతుంది. నీలిఛాయ కొట్టే తెల్లని వెలుగులో ప్రతి రొయ్యా పాలిపోయినట్టే కనిపిస్తుంది. అంతకు ముందు పంటలో రెండుసార్లు అర్ధరాత్రి కంగారుపడి మేత ఆపించాను. పొద్దున చూస్తే పేగు నిండుగానే ఉంది. ఒక పూట మేత ఆగినా ఎదుగుదల మీద పడుతుంది, ఆ లెక్క ఏ టార్చి పెట్టె మీదా రాయరు. రంగును ఉన్నదున్నట్టు చూపే గుణానికి సి.ఆర్.ఐ. అనే కొలత ఉంది. 90 పైన ఉన్నది తీసుకోమన్నాడు. వెలుగు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలిఛాయ, తగ్గేకొద్దీ పసుపుఛాయ. అది 6500 దగ్గర కాకుండా 4000 దగ్గర ఉన్నది చూడమన్నాడు. అలాంటి దీపం అదే బ్యాటరీతో కాస్త తక్కువ ల్యూమెన్లు ఇస్తుంది. ఇవ్వనీ.

తలకు కట్టుకునే దీపం ఎందుకు కాదని అడుగుతారేమో. ఏరేటర్ విప్పేటప్పుడు దానికి సాటి లేదు. కానీ చెరువు మీద వానాకాలం రాత్రి అది కట్టుకుంటే పురుగులన్నీ ముఖానికే వస్తాయి. ఒకసారి మాట్లాడబోయి రెండు మింగాను.

మూడో టార్చికి రెండు వేలు దాటింది. పేరు రాయను. రూపాలు ఏటేటా మారిపోతుంటాయి, పేరు పట్టుకుని వెతికేవారికి మరొకటి దొరుకుతుంది. జానెడు కూడా లేదు. కదిలే తల లేదు, ఛార్జింగ్ రంధ్రం లేదు. సెల్లు తీసి విడిగా ఛార్జర్‌లో పెట్టుకోవాలి. 21700 రకం సెల్లు, పాతదానికంటే లావు, 5000 మిల్లీ యాంపియర్ అవర్లు. సెల్లు మాత్రం టార్చితో కలిపి కొనలేదు. భారత ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. నమోదు సంఖ్య ఉన్నది వేరుగా తెప్పించి, ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకున్నాను. కాటా మీద కూడా పెట్టాను. అలవాటైపోయింది.

గట్టు మీదికి తీసుకెళ్ళే ముందు ఇంట్లోనే సతాయించాను. వెలిగించి, చెరువు నీళ్ళు నింపిన బకెట్‌లో రాత్రంతా ఉంచాను. నీటిని తట్టుకునే గుర్తుల్లో ఐ.పి.ఎక్స్.7 అంటే మీటరు లోతులో అరగంట. 8 అంటే అంతకు మించి, ఎంతన్నది తయారీదారు చెప్పాలి. దీనికి రెండు మీటర్లన్నారు, మా చెరువు లోతు అంతకంటే తక్కువే. నడుమెత్తు నుంచి సిమెంటు గచ్చు మీద నాలుగుసార్లు పడేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ‘కొత్త వస్తువును అలా కొడతారేమిటండీ’ అంది. మధ్య వెలుగులో, సుమారు 150 ల్యూమెన్లలో, గడియారం పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో గంటలో గానీ మందగించలేదు. రెండు రాత్రుల తిరుగుడుకు చాలు.

ఒక్క చిక్కు స్విచ్చిది. రెండుసార్లు గబగబా నొక్కితే టపటపా ఆరుతూ వెలిగే పద్ధతిలోకి పోతుంది. తడి చేతులకు అది తరచూ తగులుతుంది, రొయ్యలు బెదిరి ఎగురుతాయి. సూచనల కాగితం పట్టుకుని అరగంట కుస్తీ పడి దాన్ని తీసేశాను. ఇంకోసారి చొక్కా జేబులో దానంతటదే వెలిగి గుడ్డకు కాలిన మచ్చ పెట్టింది. అప్పటి నుంచి జేబులో వేసుకునే ముందు వెనక మూతను పావు మలుపు వదులు చేస్తాను, అలా చేస్తే కరెంటు తెగిపోతుంది.

వారానికోసారి మంచినీళ్ళతో కడిగి, మరలు తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు రాస్తాను. కాపలా మనిషి వాజిలైన్ రాస్తానన్నాడు, వద్దన్నాను. కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

మొన్న అమావాస్యకు మళ్ళీ కరెంటు పోయింది. షెడ్డులో టార్చిని డీజిల్ డబ్బా మీద నిటారుగా నిలబెట్టాను. వెలుగు పైకప్పు రేకుకు తగిలి గది అంతా పరుచుకుంది. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని తిప్పాను, మూడో తిప్పుకు అందుకుంది. తరువాత గట్టు వెంట నడిచాను. నీటి అంచున రొయ్యల కళ్ళు ఎర్రటి నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి. పైకి ఎగబడిన జాడ లేదు. కాపలా మనిషి నా చేతిలోని టార్చిని చూసి, ‘అయ్యగారూ, ఇది పాతదానిలా కొబ్బరిచెట్టు దాకా పోదు కదా’ అన్నాడు. పోదన్నాను. జేబు క్లిప్పు మరలు మాత్రం అప్పుడే తుప్పు పట్టడం మొదలయ్యాయి.