లేజర్ డయోడ్ డ్రైవర్: స్విచ్ వేసిన క్షణాన్ని కూడా లెక్కలో పెట్టి

లేజర్ డయోడ్లు ఎక్కువగా పోయేది స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు, లూజు కాంటాక్టు దగ్గర. మైక్రోసెకను కూడా లేని కరెంటు పోటుకి కాంతి బయటికొచ్చే కొస కాలిపోతుంది. ఆ తర్వాత కూడా డయోడ్ ఎర్రగా వెలుగుతుంది, మామూలు ఎల్‌ఈడీలాగా. గోడ మీద చుక్కలో కదిలే సన్నటి మెరుపు రవ్వలు మాయమయ్యాయంటే అది పోయినట్టే.

650 నానోమీటర్ల, 5 మిల్లీవాట్ల డయోడ్ తీసుకుందాం. గరిష్ఠం 30 మిల్లీఆంప్‌లు, దాని మీద పడే వోల్టేజీ 2.2. దానికి హద్దు దాటని కరెంటు ఇచ్చే సర్క్యూటే డ్రైవర్. దానికోసం చాలామంది ఎల్‌ఎం317 రెగ్యులేటర్ ఐసీ వాడతారు. 5 వోల్టుల సప్లైలో 1.25 రెసిస్టర్‌కి, 2.2 డయోడ్‌కి పోతే ఐసీకి మిగిలేది 1.55. అంత అంచు మీద దాన్ని నమ్మలేం.

నా ఓటు ఎల్‌ఎం358 ఆప్‌యాంప్, బీసీ337 ట్రాన్సిస్టర్ జతకే. రెండూ బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి. డయోడ్ ఆనోడ్ 5 వోల్టులకి, క్యాథోడ్ కలెక్టర్‌కి, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 10 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్. ఆప్‌యాంప్ అవుట్‌పుట్ నుంచి బేస్‌కి 1కె (వెయ్యి ఓమ్‌ల) రెసిస్టర్. ఎమిటర్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 1కె, అక్కణ్ణుంచి అవుట్‌పుట్‌కి 1 నానోఫారడ్ కెపాసిటర్. ఇది లేకపోతే ఆసిలేషన్ వచ్చే, అంటే కరెంటు దానంతటదే ఊగిపోయే ప్రమాదం ఉంది. ట్రాన్సిస్టర్ బదులు ఐఆర్‌ఎఫ్540 మాస్‌ఫెట్ పెట్టకండి. దాని గేట్‌కి 4 వోల్టుల దాకా కావాల్సి రావచ్చు, 5 వోల్టుల మీద ఎల్‌ఎం358 ఇచ్చేది 3.5 మాత్రమే.

రిఫరెన్స్‌కి, అంటే కదలని 2.5 వోల్టుల కోసం, టీఎల్431 ఐసీని 1కె తో 5 వోల్టులకి కట్టండి. దాని 2.5 వోల్టుల నుంచి 75కె, ఆ కింద గ్రౌండ్‌కి 10కె ప్రీసెట్ (స్క్రూతో విలువ మార్చే చిన్న రెసిస్టర్). ప్రీసెట్ మధ్య కాలు ప్లస్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 100కె, 10 మైక్రోఫారడ్. స్క్రూ చివరిదాకా తిప్పినా 27 మిల్లీఆంప్‌లే. ప్రీసెట్ విలువ పది శాతం ఎక్కువున్నా 29. ముందే మీటర్‌తో కొలిచి చూడండి. ఆ 100కె ని మాత్రం అనవసరమని తీసేయకండి: మధ్య కాలు కాంటాక్టు పోతే ఎల్‌ఎం358 బయాస్ కరెంటే ఇన్‌పుట్‌ని పైకి నెట్టి ట్రాన్సిస్టర్‌ని పూర్తిగా తెరుస్తుంది. 10 మైక్రోఫారడ్ వల్ల కరెంటు గరిష్ఠంగా దాదాపు 80 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో మెల్లగా ఎక్కుతుంది, సాఫ్ట్ స్టార్ట్ అంటే ఇదే.

అయితే ఇంట్లో కరెంటు తృటిలో పోయి వస్తే ఆ కెపాసిటర్ ఖాళీ కాదు, సాఫ్ట్ స్టార్ట్ పనిచేయదు. ఇన్వర్టర్‌కి మారేటప్పుడు జరిగేది ఇదే. 9 వోల్టుల అడాప్టర్, దాన్ని 5కి దించే 7805 రెగ్యులేటర్, దాని ఇన్‌పుట్ దగ్గర 1000 మైక్రోఫారడ్ ఉంటే 50 మిల్లీసెకన్ల దాకా నెట్టుకొస్తుంది.

మొదట లేజర్ డయోడ్ బదులు మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు సిరీస్‌లో పెట్టండి, దాదాపు 2.1 వోల్టులు పడతాయి. 10 ఓమ్‌ల మీద ఆసిలోస్కోప్ పెట్టి స్విచ్ పదే పదే వేసి తీయండి. 270 మిల్లీవోల్టుల పైకి ఒక్క ముల్లు కనిపించినా డయోడ్ జోలికి వెళ్లొద్దు. అసలు డయోడ్‌ని ఆన్‌లో ఉన్న సర్క్యూట్‌కి ఎప్పుడూ తగిలించకండి. డయోడ్ లేక లూప్ తెగి ఉంటే ఆప్‌యాంప్ అవుట్‌పుట్ పైకి అంటుకుని కూర్చుని ఉంటుంది. లేజర్ డయోడ్ కాళ్లని షార్ట్ చేస్తూ చుట్టిన తీగ సోల్డరింగ్ అయ్యాకే తీయాలి, ఐరన్‌కి ఎర్తింగ్ ఉండాలి. కాళ్ల దగ్గరే రివర్స్‌లో 1ఎన్4148 డయోడ్, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

చాలా ఎర్ర డయోడ్లలో లోహపు కేసు ఆనోడే. అంటే హీట్‌సింక్ 5 వోల్టుల్లో ఉంటుంది, గ్రౌండ్‌కి తగలనివ్వొద్దు.

అదే కరెంటుకి చల్లగా ఉన్నప్పుడు కాంతి పెరుగుతుంది. చెన్నై మే ఎండలో నిండుగా సెట్ చేసిన డయోడ్ ఏసీ గదిలో హద్దు దాటొచ్చు. చల్లటి గదిలోనే, పవర్ మీటర్ పెట్టి, 4 మిల్లీవాట్ల దగ్గర ఆపేయండి.